చెయ్యి తీసినా ఆగే బ్రేకు

ఆసుపత్రి బెంచీ మీద నా ముందు ఇద్దరున్నారు. వాళ్ళిద్దరూ ఆ నీలం తలుపు లోపలికి వెళ్ళి బయటికొచ్చేలోగా నేనొకటి తేల్చుకోవాలి. తేల్చుకోకపోతే కొంప మునిగిపోదు, నర్సమ్మ ఇంకో వారం ఆలోచించుకొమ్మంటుంది, ఆవిడ తొందరపెట్టే మనిషి కాదు. తొందర నాది. సోమవారం నుంచి నాకు ఓడ క్రేన్ మీద శిక్షణ. ఇన్నాళ్ళూ యార్డులో చిన్న క్రేన్‌తో పెట్టెల్ని ఇటు నుంచి అటు పేర్చిన నేను, రేవు అంచున నిలబడ్డ ఆ పెద్ద క్రేన్ ఎక్కి, ఓడ కడుపులోంచి కంటైనర్లు పైకి లాగబోతున్నాను. శిక్షణ ఏడాదిన్నర. మధ్యలో కడుపుతో ఉంటే నిచ్చెన ఎక్కనివ్వరు. అది రేవు నియమం, మంచి నియమమే, తప్పు పట్టను. కానీ ఒకసారి ఆ కుర్చీ దిగితే నా వెనక కాచుక్కూర్చున్న వాళ్ళలో ఒకరు ఎక్కేస్తారు, మళ్ళీ నా వంతు ఎప్పుడొస్తుందో ఆ సముద్రానికే తెలియాలి. కాబట్టి ఈ ఏడాదిన్నర నా కడుపు నా మాట వినాలి. ఆ తర్వాత, మా పాపకి తోడు కావాలని మాకనిపించిన రోజున, అప్పుడూ నా మాటే వినాలి. ఆగమంటే ఆగాలి, రమ్మంటే రావాలి. ఇది అత్యాశా? ముప్ఫై టన్నుల పెట్టె నా వేలి కదలిక వింటుంది. నా ఒళ్ళు నా మాట వినడం అత్యాశ ఎలా అవుతుంది?

పక్కన అత్తయ్య. ఒళ్ళో సంచీ, సంచీలో ఫ్లాస్కు, శాలువా, ఎందుకైనా మంచిదని ఒక గొడుగు. పని అయ్యాక ఇంటికి తీసుకెళ్ళడానికి ఎవరైనా తోడుంటే మంచిదన్నారు, మా ఆయనకి డ్యూటీ, అందుకని ఈవిడ బయల్దేరింది. ఇష్టపడి కాదు, రాకపోతే నేనేం చేయించుకొస్తానో అని. వచ్చిన దగ్గర్నుంచి గోడ మీద వేలాడే బొమ్మ వంకే చూస్తోంది. గర్భసంచీ బొమ్మ, దాని మధ్యలో చిన్న లంగరు లాంటి లూపు, కడుపు రాకుండా లోపల పెట్టేది.

"ఏమ్మాయ్, దాంట్లో లోహం ఉంటుందా?"

"ఒక రకం దాంట్లో రాగి ఉంటుందత్తయ్యా."

"మీ యార్డులో తుక్కంతా లాగేసే అయస్కాంతం క్రేన్ ఉందన్నావు కదా. నువ్వు పొరపాటున దాని కిందుగా వెళ్తే?"

"వెళ్తే?"

"వెళ్తే ఏంటి? నిన్ను లాగేసుకుంటే!"

ముందు కూర్చున్న పచ్చ చున్నీ అమ్మాయి దగ్గొచ్చినట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నాకు నవ్వు రాలేదు, ఎందుకంటే ఒక్క క్షణం నిజంగానే కనిపించాను నాకు నేను, హెల్మెట్ పెట్టుకుని, బూట్లేసుకుని, గాల్లో తలకిందులుగా, పాత ఫ్రిజ్జు తలుపుకీ విరిగిన సైకిలుకీ మధ్య. రాగి అయస్కాంతానికి అంటుకోదని చెప్పాను. మా తుక్కులో రాగి తీగల్ని అందుకే చేత్తో ఏరుతారని, రోజూ కళ్ళారా చూస్తానని చెప్పాను. ఆవిడ నమ్మినట్టు తలూపింది, నమ్మనట్టు మూతి బిగించింది. నలభై ఏళ్ళుగా ఇంటిల్లిపాదినీ ఆ రెండు కదలికలతోనే నడిపింది.

నీలం తలుపు తెరుచుకోలేదు ఇంకా. పైన ఫ్యాను ప్రతి చుట్టుకీ ఒకసారి గొణుగుతోంది, మా ఆయన నిద్రలో గొణిగినట్టు. ఆయన లారీ నడుపుతాడు, అదే రేవులో, నేను దించే పెట్టెల్ని మోసుకెళ్ళే లారీ. నాది పగలైతే ఆయనది రాత్రి, ఆయనది పగలైతే నాది రాత్రి, మా కాపురం చాలావరకూ రేవు గేటు దగ్గరే. పాప సంచీ ఆయన భుజం మీంచి నా భుజం మీదికి మారుతుంది, పాలు తాగింది, ముక్కు కారుతోంది, చెప్పు ఒకటి పోయింది, అంతే మా సంభాషణ. మీకు పిల్ల ఎలా పుట్టిందమ్మా అని గేటు కాపలాదారు ఒకసారి అడగనే అడిగాడు. సెలవులో అన్నాను. ఒక్క సెలవులోనా అన్నాడు. అతని ముఖం మీద నిజమైన గౌరవం. రేవులో పొద్దున, సాయంత్రం అనే మాటలు వినపడవు. డ్యూటీకి ముందు, డ్యూటీ తర్వాత, అంతే. డ్యూటీకి ముందు తింటాం, డ్యూటీ తర్వాత ఉతుకుతాం, డ్యూటీకి ముందు పోట్లాడుకుంటే డ్యూటీ తర్వాత రాజీపడతాం. పాప పుట్టాక నాకు మాత్రలిచ్చారు, పాలిచ్చే తల్లులు వేసుకునేవి. రోజూ ఒకే వేళకి వేసుకోమన్నారు. సరే అన్నాను. వేసుకున్నాను కూడా, ఒక్కరోజు తప్పలేదు. బూట్లు వేసుకునే ముందు మాత్ర, లాకర్ తలుపుకి లోపలివైపు అంటించిన మందుల అట్ట, మింగి, తలుపు వెనక్కి తోసి, హెల్మెట్ తీసుకుని వెళ్ళడం. డ్యూటీకి ముందు. రోజూ అదే వేళకి. నా లెక్కలో అది వేళే.

పోయిన వారం నర్సమ్మకి ఇదంతా గర్వంగా చెప్పాను. ఆవిడ కళ్ళద్దాలు ముక్కు మీదికి దించి, డ్యూటీ ఎప్పుడు మారుతుంది అంది. వారం వారం అన్నాను. పగలు షిఫ్టు నుంచి రాత్రి షిఫ్టుకి మారిన రోజు మాత్ర ఎప్పుడు వేసుకున్నావు అంది. డ్యూటీకి ముందే అన్నాను. అంటూ ఉండగానే నా గొంతు నాకే వినపడింది. పొద్దున్నే మింగిన దానికి, మర్నాడు రాత్రి మింగిన దానికి మధ్య ఎంత ఖాళీ ఉందో అప్పుడు కనిపించింది, పెట్టెలు పేర్చేటప్పుడు పైకి సరిగ్గా కనపడి లోపల జానెడు సందు వదిలేసినట్టు. ఆ మాత్ర కొద్ది గంటలు ఆలస్యమైనా పట్టు సడలిస్తుందట. వారం వారం నేనే చేతులారా సడలించాను. క్రమశిక్షణలో నన్ను మించినవాళ్ళు లేరనుకుంటూ సడలించాను. నర్సమ్మ నవ్వలేదు, తిట్టలేదు. "మాత్ర మంచిదే. మీ రోజుకి సరిపడలేదు, అంతే" అంది. ఇంట్లో మా ఆయన మాత్రం పొట్ట పట్టుకుని నవ్వాడు, ఆ తర్వాత, మాత్ర మింగమని గుర్తుచేయడం తన పని కూడా అని ఎందుకనుకోలేదని నేనడిగితే నవ్వు ఆపాడు.

అసలు నర్సమ్మ దగ్గరికి వెళ్ళడానికి కారణం ఆ ముందు నెల. నెలసరి రాలేదు. రేపొస్తుంది అనుకున్నాను, ఎల్లుండి అనుకున్నాను, ఆ తర్వాత అనుకోవడం మానేసి మందుల షాపుకి వెళ్ళాను. స్నానాల గదిలో నేను గోడకానుకుని నిలబడ్డాను, మా ఆయన బోర్లించిన బక్కెట్టు మీద కూర్చున్నాడు, మా ఇద్దరి మధ్యా కొళాయి గట్టు మీద ఆ పరీక్ష పుల్ల. పాప బయట తలుపు బాదుతోంది, మేమిద్దరం లోపల ఏదో తింటున్నామని దాని అనుమానం. ఆ కాసేపట్లో నాకు కనపడిందేమిటంటే, కుర్చీ. ఓడ క్రేన్ కుర్చీ, అందులో ఇంకెవరో. ముందు బిడ్డ ముఖం కనపడాలి కదా, కనపడలేదు, కుర్చీ కనపడింది, దాని చేతికున్న చిరిగిన తోలుతో సహా. నేనేం తల్లిని అనిపించింది. వెంటనే, నేనేం తల్లినో ఆ తలుపు బాదుతున్నదానికి తెలుసులే అని కూడా అనిపించింది. పిల్లలంటే భయం లేదు నాకు. చుట్టం ఇంటికొస్తున్నాడంటే పరుపు దులిపి, దుప్పటి మార్చి, ఎదురెళ్ళి తీసుకురావాలి. చెప్పకుండా ఎందుకొచ్చావని వాకిట్లో నిలబెట్టి అడిగే స్థితి ఏ బిడ్డకీ రాకూడదు. అదీ నా భయం. ఒక్క గీతే వచ్చింది, అంటే కడుపు లేదు. మా ఆయన బక్కెట్టు చప్పుడయ్యేలా ఊపిరి వదిలాడు. ఆ తర్వాత, చాలా నెమ్మదిగా, "కొంచెం దిగులుగా కూడా ఉందే" అన్నాడు. నాకూ ఉంది. అందుకే ఆయన మీద కోపం రాలేదు. అందుకే శాశ్వతంగా మూసేసే పద్ధతి మాకు ఇప్పుడొద్దు.

తలుపు తెరుచుకుంది. లోపలున్నావిడ వచ్చేసింది, పచ్చ చున్నీ అమ్మాయి లోపలికి వెళ్ళింది. నా ముందు ఇక ఒక్కరే, గళ్ళ చొక్కా ఆవిడ, భర్తతో వచ్చింది. ఆయన బెంచీ చివర సగం మీదే కూర్చున్నాడు, ఎవరైనా ఏమైనా అంటే లేచిపోవడానికి వీలుగా. మా ఆయన కూడా ఒక మాటన్నాడు మొన్న, గొప్ప ధైర్యంగా, నేనే చేయించుకుంటాను ఆపరేషన్, మగవాళ్ళకి పది నిమిషాల పనట అని. నిజమే, చిన్న పని, ఆడవాళ్ళ ఆపరేషన్‌తో పోలిస్తే చాలా చిన్నది. కళ్ళు చెమర్చాయి నాకు. సూది చూస్తే కళ్ళు తిరిగే మనిషి, పాపకి టీకా వేయిస్తే ఈయన్ని కూర్చోబెట్టి నీళ్ళిచ్చారు. ఆ మాట దాచుకో, రెండో పిల్ల పుట్టాక గుర్తుచేస్తాను అన్నాను. అంతవరకూ గుర్తుంటుందంటావా అన్నాడు ఆశగా. గుర్తుంటుంది అన్నాను. మా అమ్మకి ఆ మాట ఎవరూ అనలేదు. నేను పుట్టిన మర్నాడే అమ్మకి ఆపరేషన్ చేశారు, అమ్మకి అప్పుడు నా ఇప్పటి వయసు కూడా లేదు. వేరే పద్ధతులేమైనా ఉన్నాయా అని అమ్మ అడిగిందో లేదో, అడిగితే ఎవరైనా చెప్పారో లేదో. అమ్మకి ఒకటే తలుపు చూపించారు. నాకు నర్సమ్మ ఏకంగా పళ్ళెం చూపించింది.

ఆ పళ్ళెంలో అన్నీ పక్కపక్కన పెట్టి, ఏది కావాలి అనకుండా, మీ రోజెలా గడుస్తుందో చెప్పండి అంది. చెప్పాను. కేబిన్‌లో కూర్చుంటే ఇంకొకరొచ్చి విడిపించేదాకా దిగడానికి లేదని, పైన బాత్రూము లేదని, ఇంకో బిడ్డ కావాలి కానీ ఇప్పుడు కాదని. ఆవిడ ఒక్కొక్కటే చేతిలో పెట్టింది. కండోమ్, రోగాల నుంచి కూడా కాపాడేది అదొక్కటే, దాన్ని తక్కువగా చూడొద్దంది. తక్కువగా చూడను, ఈ వారమంతా ఇంటిని కాసింది అదే, కానీ నెలకొకసారి ఇద్దరికీ కలిసొచ్చే సెలవులో, పాప నిద్రపోయిన ఆ కాస్త వ్యవధిలో, ఎవరు ఎక్కడ పెట్టారో వెతుక్కునే ఓపిక ఎన్నాళ్ళుంటుంది? సూది మందు, మూడు నెలలకొకటి. బాగానే ఉంది, కానీ మానేశాక మళ్ళీ కడుపు రావడానికి ఏడాది దాకా పట్టొచ్చంది. రమ్మంటే రావాలన్న నా షరతుకి అది నిలవలేదు. చేతి చర్మం కింద పెట్టే అగ్గిపుల్లంత గొట్టం, మూడేళ్ళు పనిచేస్తుంది, తీస్తే వెంటనే మామూలే. దాని దగ్గర చాలాసేపు ఆగాను. కొందరికి అది ఉన్నన్నాళ్ళూ ఎప్పుడు పడితే అప్పుడు కొంచెం కొంచెం రక్తం కనపడుతుంది, ఎప్పుడో చెప్పలేం అంది. కింద పనిచేసేవాళ్ళకైతే పర్వాలేదు. నలభై మీటర్ల ఎత్తున, ఓడ మీద పెట్టె వేలాడుతుండగా, ఎప్పుడో చెప్పలేం అనే మాట నాకు పనికిరాదు. ఆఖరున మిగిలినవి రెండు లూపులు. రాగిది, హార్మోనుది.

అక్కకి రాగి లూపే వేశారు. మూడు నెలలు రక్తం కుళాయి తిప్పినట్టే అని ఇప్పటికీ చెప్తుంది. నిన్న ఫోన్ చేసి "వద్దే బాబూ, నా మాట విను, లూపుల జోలికి పోకు" అని గంటసేపు. అక్క అబద్ధం చెప్పదు. అక్కకి జరిగింది నిజం. రాగి దానితో నెలసరి ఎక్కువ కావచ్చని నర్సమ్మ కూడా చెప్పింది, దాచలేదు, కొందరికి కొన్నాళ్ళకి సర్దుకుంటుందని, హార్మోన్లు అసలొద్దనుకునేవాళ్ళకి అదే మేలని, పదేళ్ళు పనిచేస్తుందని కూడా చెప్పింది. చిన్నప్పుడు అక్క బూట్లన్నీ నాకే వచ్చేవి. అక్క పాదం సన్నం, నాది వెడల్పు. బడికి వెళ్ళేదారిలో చిటికెన వేళ్ళు రెండూ ముడుచుకుని నడిచేదాన్ని, బూట్లు బాగానే ఉన్నాయమ్మా, నా కాళ్ళే బాగాలేవు అనుకుంటూ. మొదటి జీతంతో నా పాదాలు కొలిపించి బూట్లు కొనుక్కున్న రోజున తెలిసింది, నా కాళ్ళకేం రోగం లేదని. అక్క అనుభవం అక్క బూట్లు. మంచి బూట్లే. నా పాదం వేరు.

హార్మోను లూపు చిన్న ప్లాస్టిక్‌ది, అయస్కాంతం మాటే లేదు, ఇది అత్తయ్యకి ఇంకా చెప్పలేదు. మొదటి కొన్ని నెలలు అక్కడక్కడా చుక్కలు కనపడతాయట, ఆ తర్వాత నెలసరి తగ్గిపోతుంది, కొందరికి ఆగిపోతుంది. ఆ ఆగిపోవడం దగ్గరే అత్తయ్య నిన్న రాత్రి భోజనాల దగ్గర చెయ్యి కంచంలో పెట్టి అలాగే ఉండిపోయింది, రాకపోతే చెడు రక్తం లోపలే పేరుకోదూ అని. నేనూ నర్సమ్మని అదే అడిగాను, కాస్త చదువుకున్న మాటల్లో. లోపలి పొర మందంగా పెరగదు కాబట్టి రాలడానికి ఏమీ ఉండదంది. పెట్టే దించకపోతే యార్డులో పేరుకునేదేముంటుంది? తలనొప్పి, మొటిమలు, చికాకు కొందరికి ఉండొచ్చంది, పెట్టేటప్పుడు నొప్పి ఉంటుందంది, వందకి వంద ఏదీ లేదంది, అయినా దాదాపు అంతే అంది. నేను ఒక్క ప్రశ్నే రెండుసార్లు అడిగాను. తియ్యమంటే తీస్తారా? "మీరడిగిన రోజు తీస్తాం. ఎందుకని కూడా అడగం" అంది. మరి అంతా ఇంత తేటగా ఉంటే వారం నుంచి ఏం ఆలోచిస్తున్నాను? వారం నుంచి, రోజూ మింగితే చాలు కదా, గడియారం పెట్టుకుంటే చాలు కదా, నేనంత చేతకానిదాన్నా అని ఒక మూల ఏదో పీకుతోంది. నా చేతిలో ఉన్న దాన్ని వదిలేసి ఎక్కడో లోపల కూర్చున్న ప్లాస్టిక్ ముక్కని నమ్మడం, అది ఓడిపోవడం కాదా?

పచ్చ చున్నీ అమ్మాయి బయటికొచ్చి, నా వంక చూసి చిన్నగా నవ్వి వెళ్ళిపోయింది. గళ్ళ చొక్కా ఆవిడ లేచింది, భర్త కూడా లేచాడు, ఆవిడ కూర్చోమంది, కూర్చున్నాడు, మళ్ళీ లేచి ఆవిడ వెనకే లోపలికి వెళ్ళాడు. శభాష్. అంతలో పైన ఫ్యాను ఆగింది. దీపం పోయింది. కరెంటు పోయినప్పుడల్లా నా చేతులు వాటంతటవే గాల్లోకి లేస్తాయి, అత్తయ్యకి ఇది అలవాటే, ఆవిడ పట్టించుకోలేదు. యార్డులో నా మొదటి నెల. పెట్టె గాల్లో ఉంది, కింద లారీ, లారీ పక్కన మనిషి. కరెంటు పోయింది. భయంతో రెండు లివర్లూ వదిలేశాను, చేతులు రెండూ పైకెత్తేశాను, ఎవరో తుపాకీ చూపించినట్టు. మాకు పని నేర్పిన బ్రేకు మాస్టారు, బ్రేకుల గురించి తప్ప మరో ముక్క మాట్లాడడు కాబట్టి ఆ పేరు, రేడియోలో తాపీగా అడిగాడు.

"చేతులెక్కడున్నాయి?"

"గాల్లో, మాస్టారూ."

"పెట్టె?"

"గాల్లోనే."

"చూశావా మరి. చెయ్యి అలిసిపోద్ది, నిద్రపోద్ది, భయపడద్ది. అందుకే బ్రేకుని చేతికి కట్టలేదు."

ఆ బ్రేకు ఎప్పుడూ పట్టుకునే ఉంటుంది. స్ప్రింగు దాన్ని నొక్కిపెట్టే ఉంచుతుంది. మనం చేసేదల్లా కదలాలనుకున్నప్పుడు దాన్ని వదిలించడం. ఆగడానికి ఏ ప్రయత్నమూ అక్కర్లేదు, కదలడానికే నా ఆజ్ఞ కావాలి. ఆ రోజు నుంచి నేను ఆ క్రేన్‌లో భయపడలేదు, చేతకానిదాన్నని కూడా అనుకోలేదు. మాత్ర నొక్కి పట్టుకోవాల్సిన బ్రేకు. రోజూ, షిఫ్టు మారినా, పాపకి జ్వరమొచ్చినా, నొక్కి పట్టుకునే ఉండాలి. పట్టుకోగలిగినవాళ్ళు పట్టుకుంటారు, ఒకే వేళకి లేచి ఒకే వేళకి పడుకునేవాళ్ళకి అదేం బరువు కాదు. నా చేతులకి వేరే పనుంది. ఫ్యాను మళ్ళీ గొణగడం మొదలుపెట్టింది. చేతులు ఒళ్ళో పెట్టుకున్నాను. తేలిపోయింది. ఇంకా ఒకరు లోపల ఉండగానే తేలిపోయింది.

గళ్ళ చొక్కా దంపతులు బయటికొచ్చారు. భర్త చేతిలో ఏదో కాగితం, ముఖంలో పరీక్ష పాసైన వెలుగు. "రండమ్మా" అంది లోపల్నుంచి నర్సమ్మ. లేచాను. అత్తయ్య నా మణికట్టు పట్టుకుంది. ఇప్పుడా, ఈ గుమ్మంలోనా, అనుకున్నాను.

"ఏమ్మాయ్, ఇవన్నీ మా కాలంలో ఉండుంటే..."

"ఉండుంటే?"

"నీ మొగుడు పుట్టేవాడు కాదు."

నేను నోరు తెరిచాను. ఆవిడ నా వంక చూడటం లేదు, గోడ మీది బొమ్మ వంకే చూస్తోంది.

"వాడి ముందు నలుగురు. అయిదోవాడు కావాలా అని నన్నడిగిన పాపాన పోలేదు ఎవరూ. వాడంటే ప్రాణమేననుకో. అది వేరు." మణికట్టు వదిలేసి శాలువా సర్దుకుంది. "నిన్నడుగుతున్నారుగా. వెళ్ళు, వెళ్ళి చెప్పు."

లోపల పళ్ళెం అలాగే ఉంది. నర్సమ్మ కళ్ళద్దాలు దించి, ఆలోచించుకున్నారా అంది. ఆలోచించుకున్నానండీ, చెయ్యి తీసినా ఆగేది కావాలి, నేను వదలమన్న రోజున వదిలేది కావాలి అన్నాను. వేలితో చూపించాను, తెల్లది, చిన్నది, రాగి లేనిది. ఆవిడ మళ్ళీ ఒకసారి అన్నీ చెప్పింది, నేను మళ్ళీ ఒకసారి అన్నీ విన్నాను, పరీక్ష చేసింది, అంతా సరిగ్గానే ఉందంది. నొప్పి ఎంత ఉంటుందండీ అన్నాను మంచం మీద వెనక్కి వాలుతూ. మీరెక్కే నిచ్చెన ఎంత ఎత్తు అంది. నలభై మీటర్లు అన్నాను. అయితే మీకిది లెక్కలోది కాదు, గట్టిగా ఊపిరి తీసుకోండి అంది. తీసుకున్నాను. లెక్కలోదే, కాస్త గట్టిగానే పట్టి మెలేసింది, పళ్ళు బిగించి పైకప్పు వంక చూశాను, పైకప్పులో నాకు సోమవారం కనపడింది, నిచ్చెన, చిరిగిన తోలు కుర్చీ, కింద నీళ్ళు. ఊపిరి వదిలేసరికి అయిపోయిందంది.

తలుపవతల నుంచి, కొత్తగా వచ్చి బెంచీ మీద కూర్చున్నదెవరో, ఆవిడకి ధైర్యం చెప్తున్న అత్తయ్య గొంతు గట్టిగా వినపడింది.

"కంగారు పడకమ్మా, రాగి అయస్కాంతానికి అంటుకోదు. మా కోడలు రోజూ చూస్తుంది."